కొర్ర డైరీ: ఒక్కో బండ దాటుకుంటూ

సంక్రాంతి దాటాక

కోలుకున్నాక దత్తతకు ఇద్దామని తెచ్చి సాకుతున్న కుక్క బరువు 9.4 కిలోలు. ఈ ఎత్తున్న నాటు ఆడకుక్క మామూలుగా 15, 16 కిలోలు తూగాలి. పశువుల డాక్టర్లు కుక్క ఒంటి పుష్టికి 1 నుంచి 9 దాకా మార్కులేస్తారు. 4, 5 అంటే బాగున్నట్టు, 9 అంటే కొవ్వు పట్టినట్టు. దీనికి 2 పడింది. ఒంటి మీద మిగిలిన కాసిన్ని వెంట్రుకలు పచ్చగా ఉన్నాయని అమ్మ 'కొర్ర' అని పిలిచింది. అదే పేరు ఖాయమైంది.

ఎర్రగుంట్ల దారిలో మూతపడిన ఒక బండల పాలిష్ యూనిట్లో దొరికింది. మిషన్లు ఆగిపోయాయి, వాచ్‌మన్ ఊరికి పోయాడు, కుక్క మాత్రం కట్టేసిన చోటే ఉండిపోయింది. రోడ్డు పక్క టీ అంగడాయన అప్పుడప్పుడు నీళ్లు పోసి, మిగిలిన బన్ను వేసేవాడట. అందుకే బతికుంది. యూనిట్ యజమానికి ఫోన్ చేస్తే "తీస్కపోండి సార్, మాకేం కావాలి దాంతో" అన్నాడు. ఆ మాటే వాట్సాప్‌లో రాసి పంపమని అడిగి, పంపేదాకా కుక్కను కదిలించలేదు. వేరేవాళ్ల కుక్కను తెచ్చి సాకేవాళ్లు ఎవరైనా సరే ఈ పని ముందు చేసుకోవాలి. రేపు అది నున్నగా తయారయ్యాక "మాది మాకివ్వండి" అని వచ్చేవాళ్లకు కొదవుండదు.

కేసు పెట్టొచ్చు కదా అని మా ఆఫీసులో అడిగారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ తీసి చదివాను. పొట్టి గొలుసుతో అదే పనిగా కట్టేయడం నేరమే. తిండీ నీళ్లు పెట్టకపోవడం నేరమే. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమే. చాలా వివరంగా రాశారు. మొదటిసారి తప్పుకు జరిమానా మాత్రం 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అంటే ఇప్పటి లెక్కలో ఒక టీ, ప్లేటు బజ్జీలు. దానికోసం స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. ఆ ఓపిక కుక్క మీద పెడదామనుకున్నాను.

అన్నిటికంటే ఘోరం మెడ. బయటికి చూస్తే వెంట్రుకల కింద సన్నటి గీత, దగ్గరికి పోతే కుళ్లు వాసన. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన ప్లాస్టిక్ తాడు అది. కుక్క పెరిగింది, తాడు పెరగలేదు. డాక్టరమ్మ మత్తిచ్చి మెడంతా గొరిగితే అప్పుడు కనిపించింది, తాడు చర్మంలోకి దిగి దాని మీద కొత్త చర్మం కప్పుకోవడం మొదలైంది. తాడును రెండు చోట్ల కత్తిరించి, తడుపుతూ, మెల్లగా లాగారు. కింద పురుగులు. ఫోర్సెప్స్‌తో ఒక్కోటీ ఏరి సెలైన్‌తో కడిగారు. కుట్లు వేయలేదు. ఇలాంటి పాత పుండును మూసేస్తే చీము లోపలే ఉండిపోతుందట, తెరిచే ఉంచి మాన్పాలట. రెండు పూటలా సెలైన్‌తో కడిగి మందు రాయడం ఇక నా డ్యూటీ.

వీధిలో సలహాలకు లోటు లేదు. పురుగులకు టర్పెంటైన్ పొయ్యమని ఒకరు, ఫినాయిల్ అని ఇంకొకరు, గజ్జికి కాలిన ఇంజన్ ఆయిల్ రాస్తే వారంలో పోతుందని మెకానిక్ షాపాయన. పుండు పడిన చర్మం గుండా ఇవన్నీ ఒంట్లోకి దిగుతాయి, పైగా కుక్క నాకుతుంది. అసలే రక్తం లేని కుక్కకు లివరు, కిడ్నీలు కూడా పాడుచేయడం ఎందుకు? "సరే అన్నా, చూస్తా" అని అందరికీ చెప్పాను. ఎవరి మాటా వినలేదు.

జనవరి చివర

రక్త పరీక్షల ఫలితం వచ్చింది. హిమోగ్లోబిన్ 6.8. కుక్కకు 12 పైనుండాలి. ప్లేట్‌లెట్లు 48 వేలు, ఉండాల్సింది సుమారు 2 లక్షల పైన. ఎర్లీషియా, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. మందు డాక్సీసైక్లిన్, కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల లెక్కన 28 రోజులు. మధ్యలో కుక్క హుషారుగా కనిపించినా ఆపకూడదు. ఖాళీ కడుపుతో వేయకూడదు, గొంతులో ఇరుక్కుంటే అక్కడే పుండు పడుతుంది, అందుకే మాత్ర వెనకాలే ముద్ద. పాలు, పెరుగుతో కలిపి ఇవ్వొద్దన్నారు, కాల్షియం మందును పట్టేసుకుంటుంది. ఉడికించిన కోడి లివర్ ముక్కలో చీల్చి దాచి పెడుతున్నాను. కొర్ర లివరు తిని మాత్రను నేల మీద ఉమ్మేస్తుంది. మళ్లీ ఇంకో ముక్క.

చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే డెమోడెక్స్ పురుగులు కనిపించాయి. సన్నగా పొడుగ్గా, వెంట్రుక కుదుళ్లలో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల మీద కూడా కొద్దిగా ఉంటాయట. ఒంట్లో శక్తి పోయినప్పుడు చెలరేగుతాయి. మనకు అంటవు, పక్క కుక్కలకూ మామూలుగా అంటవు. ఇంకో రకం గజ్జి ఉంది, సార్కోప్టిక్, అది అంటుతుంది, మనుషులకు కూడా దద్దుర్లు, దురద తెస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి గీకి చూడకుండా మందు వాడటం చీకట్లో రాయి వేయడమే. మాకు ఫ్లూరలానర్ అనే నమిలే మాత్ర రాశారు. ఖరీదెక్కువే, కానీ ఒక్కటి వేస్తే దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది, పిడుదులకూ అదే మందు.

ఇక తిండి. ఆకలితో మాడిన జీవాన్ని చూస్తే ఎవరికైనా కడుపు నింపేయాలనిపిస్తుంది. అదే ప్రాణం మీదికి తెస్తుంది. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి గబుక్కున ఇంత అన్నమో సంగటో పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం దబ్బున పడిపోతాయి, గుండె ఆగిపోవచ్చు కూడా. కాబట్టి మొదట్లో రోజుకు కావాల్సిన దాంట్లో పావు వంతే, అదీ ఐదారు సార్లుగా పంచి. మెత్తగా ఉడికించిన చికెన్, గుడ్డు, కాస్త అన్నం. వారం పైగా పట్టింది పూర్తి కొలతకు రావడానికి.

అమ్మకు ఇది మింగుడు పడలేదు. "గుప్పెడు బువ్వ పెట్టి గిన్నె ఎత్తుకపోతావేందిరా, పాపం తగుల్తాది" అని నన్ను తిట్టి, నేను ఆఫీసుకు పోయాక మిగిలిన ఉగ్గాని పెట్టబోయిందట. మా ఆవిడ ఆపింది. ఉగ్గానిలో ఉల్లిపాయలు కదా. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి. హిమోగ్లోబిన్ 6.8 ఉన్న కుక్కకు అంతకంటే చేటు ఇంకోటి లేదు. మన వంటింట్లో ఉల్లి లేని కూర ఏదని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అప్పటి నుంచి కొర్ర వంట వేరే సట్టిలో, ఉప్పూ కారం తాలింపూ లేకుండా. వండేది మాత్రం అమ్మే.

ఫిబ్రవరి

కొర్ర ఉండేది మా వెనక పంచలో. పాత ఇల్లు, నేలంతా కడప బండలు, అడుగు పెట్టి పెట్టి అద్దంలా నునుపెక్కాయి. తొడల్లో కండలేని కుక్క దాని మీద నిలబడలేదు, వెనక కాళ్లు పక్కలకు జారిపోతాయి. గోనెసంచులు విప్పి, రెండేసి కలిపి కుట్టి, అంచులకు టేపు వేసి దారి పొడుగునా పరిచాం. రబ్బరు మ్యాట్లు కూడా తెచ్చాను, కొరికేసింది. గోనెసంచే నయం, ఉతుక్కోవచ్చు, ఎండేసుకోవచ్చు.

బండల సందుల్లో సిమెంటు రాలిపోయి ఉంది. మామూలుగా అయితే పట్టించుకోం. కుక్కల మీద పెరిగే గోధుమరంగు పిడుదు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద ఉండదు. రక్తం తాగి ఉబ్బి కిందికి రాలి, ఇలాంటి సందుల్లో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు ఎంత మందు వేసినా సందులు అలాగే ఉంటే రేపు ఇంకో కుక్కకు అదే జ్వరం. కొర్రను మిద్దె మీదికి మార్చి, టార్చి వేసుకుని గోడవారంతా చూస్తే గుమ్మం పక్కన ఒక సందులో గింజల్లా బారులు తీరి కనిపించాయి. బ్రష్షుతో సబ్బునీళ్ల డబ్బాలోకి దులిపాం, పాత గచ్చు గీకాం, డాక్టరమ్మ చెప్పిన మందు స్ప్రే చేశాం, పూర్తిగా ఆరాక సిమెంటు పూశాం. పక్కింటి పిల్లి ఇటువైపు తిరుగుతుంది కాబట్టి పెర్మెత్రిన్ ఉన్నవి వద్దన్నారు, పిల్లులకు అది విషం. మేస్త్రీని పిలవలేదు, ఆదివారం మొత్తం మోకాళ్ల మీద నేనే. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన పని ఇదే, చేసిందంతా కంటికి కనిపిస్తుంది.

కనిపించని పని వేరే ఉంది. గొలుసు లేదు, గేటు వేసే ఉంది, పంచ, పెరడు అంతా దానిదే. అయినా కొర్ర తన గోనె దగ్గర నుంచి మూడు బండలు దాటి అవతలికి పోదు. మా బండ ఒక్కోటి రెండడుగులు. ఆరడుగులు పోతుంది, ఆగుతుంది, పక్కకు తిరిగి గుండ్రంగా నడిచి వెనక్కి వస్తుంది. అక్కడ ఏమీ లేదు. ఫ్యాక్టరీలో దాని గొలుసు అంతే పొడుగు. పుండు మానుతోంది, వెంట్రుకలు మొలుస్తున్నాయి, ఈ ఆరడుగులు మాత్రం అలాగే ఉన్నాయి.

పిలిచి లాగితే లాభం లేదని తెలుసు. గిన్నె జరపడమొక్కటే దారి. మూడో బండ అంచున తినడం అలవాటైన తర్వాత గిన్నెను నాలుగో బండ మీద, గీతకు ఆనించి పెట్టాను. మెడ చాచి తినింది, కాళ్లు మాత్రం మూడో బండ మీదే. ఇంకో జానెడు జరిపితే తినకుండా పోయి పడుకుంది. మళ్లీ వెనక్కి. ఇలా ఎన్ని పూటలు పోయాయో. ఒకరోజు పొద్దున కరెంటు పోయి అందరం పెరట్లో కూర్చుని ఉన్నాం, ఎవరూ దాన్ని చూడటం లేదు, నాలుగో బండ మీద నాలుగు కాళ్లతో నిలబడి తింటోంది. అమ్మ "చూడొద్దు, చూడొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టింది. చూస్తే వెనక్కి పోతుందని అమ్మకు నాకంటే ముందు తెలిసింది.

గేటుకు వేసే గొలుసు మోగితే చాలు వణికేది. గొలుసు తీసేసి గడియ బిగించాం, శబ్దం తగ్గింది. తాళ్లు, చేతులు మెడ వైపు వస్తే పళ్లు చూపిస్తుంది, ఒకసారి గాల్లో కొరికింది. దాని మీద నాకు కోపం లేదు, మెడ విషయంలో దాని అనుభవం అలాంటిది. అయినా ఇంట్లో అందరం ముందే రేబిస్ టీకాలు వేయించుకున్నాం. కరిస్తే వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి పోవాలని వంటింటి గోడ మీద రాసి పెట్టాం. మెడకు పట్టీ ఎప్పటికీ వద్దు, ఛాతీకి కట్టే హార్నెస్ కొన్నాను. మొదట అది దాని పడక పక్కన ఊరికే పడి ఉండాలి. తర్వాత దాని మీద లివరు ముక్క. కట్టడం మార్చిలోనే.

28 రోజుల కోర్సు అయింది. హిమోగ్లోబిన్ 9.7, ప్లేట్‌లెట్లు లక్షా 60 వేలు. నట్టల మందు, రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో వగైరా కుక్క జబ్బులకు కలిపి వేసే టీకా మొదటి డోసు.

ఉగాది

వెంట్రుకలు కళ్ల చుట్టూ, చెవుల మీద ముందొచ్చాయి, వీపు మీద ఆఖరికి. మెడ చుట్టూ ఒక నల్లటి గీత మిగిలింది, అక్కడ ఇక వెంట్రుకలు రావట. 13.5 కిలోలు. చర్మం గీకి చూస్తే పురుగులు లేవు. సంబరపడబోతే డాక్టరమ్మ ఆపింది, నెల గ్యాపుతో రెండోసారి గీకినా లేవని తేలితేనే పోయినట్టు.

మా ఇల్లు దేవుని కడపకు పోయే దారి పక్క సందులో. ఉగాది రోజు తెల్లారకముందే జనం. వెంకన్న స్వామి దర్శనానికి ముస్లింలు కూడా కుటుంబాలతో వచ్చే ఊరు మాది, ఆ రోజు రద్దీ మామూలుగా ఉండదు. మైకులు, బూరలు, స్కూటర్ల హారన్లు. హార్నెస్ కట్టి కొర్రను గేటు దాకా తీసుకొచ్చి కూర్చున్నాను. దాటించాలని కాదు, చూడనిద్దామని. తోక కాళ్ల మధ్య పెట్టుకుని నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. బుర్ఖా వేసుకున్న ఒక పెద్దావిడ, చేతిలో కొబ్బరికాయ సంచి, ఆగి చూసి, "దీనికేమైంది బేటా మెడకి?" అని అడిగింది. చెప్పాను. ముట్టుకోవచ్చా అని అడిగి, తల మీద చెయ్యి పెట్టకుండా ముందు అరచెయ్యి వాసన చూపించింది. ఎవరు నేర్పారో గానీ, పద్ధతి తెలిసిన మనిషి. కొర్ర చెయ్యి నాకలేదు, పళ్లూ చూపించలేదు. ఆ రోజుకు అదే చాలు.

పండగ అయ్యాక రక్తం మళ్లీ చూసి, ప్లేట్‌లెట్లు 2 లక్షలు దాటాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. అవి తక్కువున్నప్పుడు కత్తి పెడితే రక్తం ఆగదు. కుట్లు నాక్కోకుండా మెడకు ప్లాస్టిక్ కోన్ ఇచ్చారు. మెడ మీద ఏదైనా బిగిస్తే కొర్ర రాయిలా బిగుసుకుపోతుంది, పైగా పాత మచ్చ ఒరుసుకుంటుంది. మా ఆవిడ నా పాత టీషర్టు తీసుకుంది. మెడ రంధ్రంలో తల, చేతుల్లోంచి ముందు కాళ్లు, కింది అంచును తోక వెనక ముడి. ముడి జారిపోతోందని పైజామా ఎలాస్టిక్ కుట్టింది. దొడ్డికి పోయేటప్పుడు విప్పి మళ్లీ కట్టాలి, అంతే తిప్పలు. కుట్లు చక్కగా ఆరిపోయాయి. ఆడకుక్కను సాకేవాళ్లు ఈ టీషర్టు ఉపాయం రాసి పెట్టుకోండి.

ఏప్రిల్

కడప ఎండ గురించి కడప వాళ్లకు చెప్పక్కర్లేదు. కుక్కకు చెమట పాదాల్లో తప్ప పెద్దగా పట్టదు, నాలుక చాపి వగర్చడమే దాని కూలర్. పైగా కొర్రకు వీపు మీద ఇంకా వెంట్రుక పల్చన, చర్మం కాలిపోతుంది. మిద్దె మీది బండ మీద అరచెయ్యి వెనకవైపు పెట్టి చూస్తాను, కాసేపు ఆనించి ఉంచలేకపోతే కుక్కకూ వద్దు. కాబట్టి షికారు పొద్దున ఆరు లోపే, మళ్లీ రాత్రి బండలు చల్లారాక. పంచ కిటికీకి తడి గోనె, మూలన వెడల్పాటి మట్టి తొట్టి. నీళ్లు తాగడానికని పెట్టాం, అది అందులో పడుకుంటోంది.

బరువు 15.8. రెండోసారి గీకినా పురుగుల్లేవు. బండల లెక్క మానేశాను, పెరడు చివర నిమ్మచెట్టు దాకా పోయి వాసన చూసి, తనంతట తానే తిరిగొస్తోంది. ఖర్చు ఇప్పటికి 11 వేలు దాటింది, టీకాలు ప్రభుత్వ పశువుల ఆస్పత్రిలోనే వేయించినా.

ఇక దత్తత. ఫొటోలు పెట్టిన రోజు నుంచి ఫోన్లకు తక్కువ లేదు. సగం మంది "లాబ్రడార్ ఉందా?" అంటారు. మిగిలిన సగంలో ఎక్కువమంది మొదటి ప్రశ్న ఒక్కటే, "కాపలా బాగా కాస్తాదా?" పులివెందుల వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు, మంచి మనిషే, చీనీ తోటలో పందుల బెడద, కుక్క కావాలట. "పగలు కట్టేసి రాత్రి వదుల్తాం సార్, తిండికి లోటుండదు, రోజూ సంగటి, మాంసం" అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు, అక్కడ అందరూ కుక్కను పెంచేది అలాగే. తిండి సంగతి నమ్మాను, గొలుసు దగ్గరే కుదరలేదు. కొంచెం కోపంగానే ఫోన్ పెట్టేశాడు. "ఏ రాజుగారి కోట కోసం చూస్తాండావు దీనికి?" అని పక్కింటి పెద్దాయన. కోట అక్కర్లేదు పెదనాయనా, మెడకేం కట్టని ఇల్లయితే చాలు.

అద్దె ఇళ్ల వాళ్లయితే ఓనరు రాసిచ్చిన కాగితం అడుగుతున్నాను. ట్రాన్స్‌ఫర్లుండే ఉద్యోగమైతే, బదిలీ అయితే కుక్క ఎక్కడికి పోతుందని అడుగుతున్నాను. ఈ ప్రశ్నకు జవాబు రాకపోతే అక్కడితో సరి. కాగితంలో నాలుగు ముక్కలే రాయించుకుంటాం: కట్టి ఉంచకూడదు, టీకాలు మానకూడదు, వేరేవాళ్లకు ఇవ్వకూడదు, వద్దనుకుంటే మాకే తిరిగివ్వాలి. చట్టం ముందు ఇది ఎంత నిలబడుతుందని కాదు, సంతకం పెట్టడానికి వెనకాడేవాళ్లెవరో తెలిసిపోతుంది.

పోయిన వారం ప్రొద్దుటూరు నుంచి రిటైరైన టీచర్ల జంట వచ్చారు. కొర్ర మంచం కిందికి దూరింది. వాళ్లు పిలవలేదు, బుజ్జగించలేదు, కాఫీ తాగుతూ అమ్మతో మాట్లాడుకుంటూ కూర్చున్నారు. పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రిపూట ఎక్కడ పడుకోవడం అలవాటు దీనికి?" ఇన్ని ఫోన్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. వాళ్లు లేచేసరికి కొర్ర మూతి మాత్రం బయటికి పెట్టి టీచరమ్మ చెప్పులు వాసన చూస్తోంది.

ఆదివారం వాళ్లింటికి పోయి చూసొచ్చాను. కాంపౌండ్ ఉంది, వేపచెట్టు నీడ ఉంది, పశువైద్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి డాక్టర్లకు కొరత లేదు. ఇంట్లో నేల మామూలు టైల్స్, గోనెసంచి పరుచుకోవాలని చెప్పాను. ఒకటే తక్కువ: గేటు కింద జానెడు సందుంది, కొర్ర భయపడితే దూరి పారిపోతుంది. జాలీ వెల్డింగ్ చేయించి ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ వచ్చి, నేను మళ్లీ పోయి గేటు చూసేదాకా ప్రకటన తీయడం లేదు. ఈలోగా ఫ్లూరలానర్ రెండో డోసు వేయాలి. ఇప్పుడు 10 కిలోలు దాటింది కాబట్టి పెద్ద సైజు మాత్ర.